ఆరాధనలో కునుకు పట్టడం విశ్వాసలోపమా?

చెన్నైలోని పెరంబూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు. ఒంగోలు పక్క పల్లె నుంచి పెళ్లయి చెన్నై వచ్చి పంతొమ్మిదేళ్లయింది. భర్త రైల్వేలో ఉద్యోగి, ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగు విభాగంలో పని చేస్తున్నారు. కూతురు పదో తరగతి, కొడుకు ఆరో తరగతి, అత్తగారు కూడా వీరితోనే ఉంటారు. శనివారం ఒంటిపూట ఉద్యోగం ముగించుకుని రెండున్నరకు ఇల్లు చేరినది మొదలు సోమవారం టిఫిన్ డబ్బాలు సర్దేవరకు తన సమయం ఎలా గడుస్తుందో గంటలతో సహా వివరించారు.

శనివారం మధ్యాహ్నం వారం రోజుల బట్టలు ఉతకడం, ఇడ్లీ పిండి రుబ్బడం అయ్యాక నాలుగున్నరకు బయలుదేరి, పురసవాక్కం మీదుగా బస్సులో వేపేరి వైపు ఉన్న తమ తెలుగు చర్చికి క్వయర్ (పాటల బృందం) సాధనకు వెళ్తారు. తిరిగి వచ్చాక రాత్రి వంట, అత్తగారి తెల్లచీర ఇస్త్రీ, మరునాటి కూరకు మసాలా నూరడం, ఆ తర్వాత అరగంట సండే స్కూలు పాఠం చూసుకోవడం. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి టిఫిను, మధ్యాహ్న భోజనం రెండూ సిద్ధం చేసి, ఏడుముప్పావుకు ఇల్లు కదులుతారు. ఎనిమిదిన్నరకు సండే స్కూలు, తొమ్మిదిన్నరకు ఆరాధన, నెలలో రెండు వారాలు ఆరాధన తర్వాత స్త్రీల సమాజం. ఆ సమాజానికి ట్రెజరర్ కూడా ఆమే. ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. కొరట్టూరులో ఉండే మరిది కుటుంబం తరచు భోజనానికి వస్తుంది. వడ్డన, అంట్లు ముగిశాక సాయంత్రం ఎవరింట్లోనైనా గృహకూటం (ఇంట్లో జరిగే ప్రార్థన కూడిక) ఉంటే అక్కడికి. రాత్రి మళ్లీ యూనిఫారాలు, వంట.

పోయిన నెల మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజన సంస్కారం ఉన్న రోజున, ప్రసంగం మధ్యలో ఆమెకు కునుకు పట్టింది. ఒళ్లోని పాటల పుస్తకం జారి చప్పుడుతో కింద పడింది. పక్కనున్న పెద్దావిడ మోచేత్తో పొడిచి లేపారు. తర్వాత సమాజంలో ఎవరో “ట్రెజరరమ్మ గారికి వాక్యం కంటే నిద్రే తీపి” అన్నారట. ఆ పుస్తకం పట్టుకున్న వేళ్ల నుంచి అల్లం వెల్లుల్లి వాసన ఇంకా వస్తూనే ఉందని, ఆ చేతులతోనే రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటూ ఏడ్చానని రాశారు. “సండే స్కూలు, క్వయర్ మానెయ్, నిన్నెవరు చెయ్యమన్నారు? దగ్గర్లోనే తమిళ చర్చి ఉంది, అందరం అక్కడికే పోదాం” అంటారు భర్త. “దేవుని పని మానితే ఇంటికి దీవెన ఉండదు” అంటారు అత్తగారు. ఆదివారం పొద్దున ట్యూషను పెట్టారు కనుక చర్చికి రానంటోంది కూతురు. వచ్చే నెల స్త్రీల సమాజం ఎన్నికలు, మళ్లీ ఆమెనే ట్రెజరర్‌గా ఉండమంటున్నారు. “నాలో విశ్వాసం చల్లారిందా? ఏది మానుకోవాలి? మానుకుంటే పాపమా?” అన్నవి ఆమె ప్రశ్నలు.

సోదరీ, మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్న విషయంతోనే మొదలుపెడతాను. ప్రసంగంలో నిద్రపోయిన మొదటి మనిషి మీరు కాదు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం ఒకసారి తీసి చూడండి. అది కూడా ఆదివారమే, అక్కడ కూడా రొట్టె విరవడానికే కూడుకున్నారు. త్రోయలోని ఆ మేడగదిలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తూ ఉంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రలోకి జారి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పౌలు మెట్లు దిగి వెళ్లి అతణ్ణి కౌగిలించుకుని, అతనిలో ప్రాణం ఉంది, తొందరపడకండి అని అక్కడివారికి చెప్పాడు. వాక్యం వినకుండా నిద్రపోయావేమని అడిగినట్లు ఆ అధ్యాయంలో ఒక్క మాటా లేదు. నాలుగున్నరకు లేచి రెండు పూటల వంట చేసి, పిల్లలకు పాఠం చెప్పి, ఆపైన కూర్చున్న మనిషికి ఫ్యాను కింద కన్ను మూతపడితే దాన్ని విశ్వాసంతో ముడిపెట్టిన మాట తప్పు. ఆ మాట అన్నావిడ మనసులో ఏముందో మనకు తెలియదు, మీరు మాత్రం దాన్ని దేవుడు పంపిన హెచ్చరికగా మోయనక్కరలేదు.

నిద్ర గురించే ఇంకొక మాట. మీరు ఉత్తరంలో ఎక్కడో మధ్యలో, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, జుట్టు రాలుతోందని రాసి దాటేశారు. నేను దాటలేను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. నలభై దాటిన వయసులో థైరాయిడ్ సమస్య కూడా ఇలాగే అలసటగా, నిద్రమత్తుగా బయటపడవచ్చు. మీరు రైల్వే ఉద్యోగి భార్య కనుక పెరంబూరులోనే ఉన్న రైల్వే ఆసుపత్రిలో చూపించుకునే హక్కు మీకుంది. పరీక్షలు చేయించుకున్న తర్వాతే మిగతా నిర్ణయాలు తీసుకోండి. ఒంట్లో రక్తం లేక వచ్చిన నీరసాన్ని ఆత్మీయ నీరసమనుకుని ఉపవాస ప్రార్థనలు పెంచితే ఒళ్లు మరింత చెడుతుంది.

ఇక మీ సమయాల విషయం. మీరు రాసిన గంటలను నేను రెండు వరుసలుగా విడదీసి లెక్క కట్టాను. క్వయర్, సండే స్కూలు, దాని తయారీ, స్త్రీల సమాజం, గృహకూటం అన్నీ కలిపితే, ఆరాధన, ప్రయాణం పోను, ఐదు గంటల పైచిలుకు వచ్చింది. అదే శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి వరకు ఇంటి పని పద్నాలుగు గంటలు వచ్చింది. విచిత్రమేమంటే, మీవారు, అత్తగారు, ఆఖరికి మీరు కూడా, ఏది మానాలన్న చర్చంతా ఆ ఐదు గంటల చుట్టూనే చేస్తున్నారు. పద్నాలుగు గంటల గురించి ఎవరూ ఎత్తడం లేదు, దాన్ని ఎవరూ పనిగా లెక్కించకపోవడమే అందుకు కారణం. మీ ఇల్లొక్కటే ఇలా ఉందని కాదు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు వాటిపై గడుపుతున్నారని తేలింది.

అందువల్ల మీవారి సలహాను నేను కొట్టిపారెయ్యను కానీ, దాని ఫలితం ఏమిటో ముందే చూడమంటాను. సండే స్కూలు, క్వయర్ మానేశారనుకుందాం. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున కొంత సమయం మిగులుతుంది. ఆ సమయంలో మీరు పడుకుంటారా? “ఇంట్లోనే ఉన్నావుగా” అన్న ఒక్క మాటతో అది ఒక కూర అదనంగా చేయడానికో, బీరువా సర్దడానికో పోతుంది. మీ వారాంతంలో మీరు ఇష్టపడి ఎంచుకున్నది పోయి, అడగకుండానే మీ మీద పడినది మాత్రం మిగులుతుంది. మీ ఉత్తరం మొత్తంలో సంతోషంగా రాసిన వాక్యాలు రెండే. తమిళ బడిలో చదివే పిల్లవాడు ఒకడు పలక మీద ‘యేసు’ అని తెలుగులో రాసి చూపించాడని ఒకటి, పిల్లలు కంఠత వాక్యం తడబడకుండా అప్పజెప్పారని మరొకటి. ఆ రెండూ సండే స్కూలువే. తమిళనాడులో 2006 నాటి చట్టం తర్వాత పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయిన నాటినుంచి, అక్కడి తెలుగు పిల్లల్లో చాలామందికి మన అక్షరాలు బడిలో అందడం లేదు. చర్చి వెనక గదిలో ఆ గంటసేపు మీరు చెప్పేది కొందరికి బహుశా ఏకైక తెలుగు పాఠం. మీకు సంతోషాన్ని ఇస్తున్న దాన్ని అన్నిటికంటే ముందు వదులుకోవడం నాకు సమంజసంగా తోచడం లేదు.

కాబట్టి వంటింటి నుంచి మొదలుపెట్టడం ఒక దారి. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ చదవండి. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట ఉన్న పరదేశి అని పేరుపేరునా చెప్పి, నీలాగే నీ దాసదాసీలు కూడా విశ్రమించాలని అక్కడ స్పష్టంగా ఉంది. గాడిదకు కూడా సెలవు రాసిపెట్టిన ఆజ్ఞ ఇంటి ఇల్లాలిని మినహాయించి ఉంటుందని నేను నమ్మను. ఆదివారాన్ని యూదుల విశ్రాంతి దినంలా నియమాలతో బిగించమని కాదు. ఆ దినం మనిషి కోసం ఏర్పడిందని ప్రభువే చెప్పారు. ఆ మనిషి కోసం అన్నదానిలో మీరూ ఉన్నారు.

ఆచరణలో ఇది పెద్ద విప్లవమేమీ కానక్కరలేదు. ఆదివారం మటన్ కొట్టు దగ్గర వరుసలో నిలబడి మాంసం తేవడం తన పని అని మీవారు అంటారని రాశారు. ఆ పనిని అలాగే ఉంచి, దానికి ఇంకో మెట్టు కలపమని అడగండి. తెచ్చిన మాంసం కడిగి కుక్కర్లో పెట్టేవరకు ఆయనది, తాలింపు మీది. లేదా రెండు వారాలకొకసారి ఆదివారం మధ్యాహ్నం పప్పు, ఒక వేపుడు, పెరుగుతో సరిపెట్టుకుని మాంసం రాత్రికి మార్చుకోండి. మరిది కుటుంబం వచ్చేరోజున తోటికోడలితో ఒక కూర చేసి తెమ్మని చెప్పడంలో అమర్యాద ఏమీ లేదు, కలిసి భోంచేసే ఇళ్లలో ఇది మామూలే. యూనిఫారాల ఇస్త్రీ పిల్లలకు అప్పజెప్పండి. కూతురికి ఒక్కదానికే కాదు, కొడుక్కి కూడా. ఆరో తరగతి పిల్లవాడు తన చొక్కా తాను ఇస్త్రీ చేసుకోగలడు, పక్కన పెద్దవాళ్లు ఉంటే చాలు.

దీనివల్ల వచ్చే ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటి రెండు మూడు వారాలు కూర ఉప్పగా ఉంటుంది, చొక్కా కాలర్ నలిగే ఉంటుంది. “నేనే చేసేస్తే పావుగంటలో అయిపోయేది” అని మీకే అనిపిస్తుంది. అప్పుడు మళ్లీ మీ చేతుల్లోకి తీసుకుంటే అంతా మొదటికొస్తుంది. ఆదివారం మాంసం లేకపోతే అత్తగారు నొచ్చుకోవచ్చు. మీవారు ఒక పూట మాట్లాడకపోవచ్చు. ఇవి భరించదగిన ఇబ్బందులేనా అన్నది మీ ఇల్లు తెలిసిన మీరే తేల్చుకోవాలి.

అత్తగారి గురించి మీరు కొంచెం కోపంగా రాశారు, అది అర్థమవుతోంది. కానీ దీవెన ఉండదన్న ఆవిడ మాటను బెదిరింపుగా కాక భయంగా వినమని కోరుతున్నాను. తన వాళ్లందరినీ ఒకచోట కలిపిన ఊరులాంటిది ఆవిడకు ఆ చర్చి. కోడలు ఒక్కొక్కటే మానుకుంటూ పోతే ఇల్లు చర్చికి దూరమవుతుందని ఆవిడ భయం. ఆవిడకు కీర్తనలు పుస్తకం చూడకుండా వస్తాయని మీరే రాశారు. శనివారం రాత్రి అరగంట మనవలను కూర్చోబెట్టుకుని ఒక్కొక్క కీర్తన నేర్పమని, దానితో పాటు అక్షరాలు చూపించమని అడగండి. ఆవిడకు చేయడానికి గౌరవమైన పని దొరుకుతుంది, సండే స్కూలు పాఠానికి మీకు అరగంట ప్రశాంతంగా దొరుకుతుంది.

రెండో దారి సంఘంలోని బాధ్యతలను తగ్గించుకోవడం. మొదటి దారితో కలిపి నడవవచ్చు, లేదా ఇంట్లో మార్పు సాధ్యం కాదనిపిస్తే దీన్ని ఒక్కదాన్నే ఎంచుకోవచ్చు. మూడు బాధ్యతల్లో మీకు ఎక్కువ భారంగా, తక్కువ ఇష్టంగా కనిపించింది ట్రెజరర్ పదవి. నిర్గమకాండం పద్దెనిమిదో అధ్యాయంలో మోషే పొద్దుటి నుంచి సాయంత్రం వరకు ఒంటరిగా జనుల తగవులు తీరుస్తుంటే అతని మామ యిత్రో చూసి, ఇలా అయితే నీవూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు, పనిని పంచు అని చెప్పాడు. ఆ సలహాలో నాకు నచ్చేది రెండో సగం. ఒక్కరే అన్నీ మోస్తే మోసేవారితో పాటు మోయించుకునేవారికి కూడా నష్టమే. మీ సమాజంలో ఏళ్లుగా లెక్కలు మీరే చూస్తున్నారు కనుక ఇంకొకరు నేర్చుకోలేదు. క్వయర్ సంగతి వేరు. మీకు పాడటం ఇష్టం, శనివారం ప్రయాణమే కష్టం. మూడు నెలలు సాధనకు సెలవు అడిగి, క్రిస్మస్ పాటల సాధన మొదలయ్యేటప్పుడు తిరిగి చేరతానని చెప్పవచ్చు.

దీనికీ మూల్యం ఉంది. “పదవి వద్దంటోంది, ఏదో జరిగింది” అని నలుగురూ నాలుగు విధాలుగా అనుకుంటారు. నిద్రపోయిన రోజు మాటకు అలిగిందని కొందరంటారు. అందుకని ఎన్నికల రోజు అందరిలో ప్రకటించకుండా, ముందే పాస్టరమ్మ గారితో ఒకసారి, కార్యదర్శితో ఒకసారి విడిగా మాట్లాడండి. కారణాలు దాచవద్దు, ఆరోగ్యం బాగాలేదు, ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంది అని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఎవరైనా ప్రభువు ఇంటికి వచ్చినప్పటి అక్కచెల్లెళ్ల కథ ఎత్తి, మార్తలా పనుల్లో పడి, మరియలా ఆయన పాదాల దగ్గర కూర్చుని వినడం మర్చిపోయావని ఉపదేశిస్తే చిన్నబోకండి. లూకా సువార్తలో ప్రభువు మార్తను మందలించింది పని చేసినందుకు కాదు, అనేకమైన పనుల గురించి తొందరపడుతున్నందుకు. యోహాను పన్నెండో అధ్యాయంలో అదే మార్త మళ్లీ వడ్డిస్తోంది, అక్కడ ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా మార్త బరువు తగ్గించేందుకు లేచి గిన్నె పట్టుకోకుండా, మార్త కథ చెప్పడం మన సంఘాల్లో చాలా కాలంగా సాగుతున్న అలవాటు.

దగ్గరలోని తమిళ చర్చికి మారడమన్నది మూడో దారి. దాన్ని నేను తప్పు అనను. ప్రయాణం తగ్గుతుంది, ఆదివారం కుటుంబమంతా ఒకే బల్ల మీద కూర్చుంటుంది, పిల్లలకు భాష కష్టం ఉండదు. కానీ అత్తగారు ఆ తమిళ ప్రసంగం ఎంత అర్థం చేసుకోగలరో, ఈ వయసులో ఆవిడ ఒక్కతే వేపేరి దాకా బస్సులో వెళ్లగలరో ఆలోచించాలి. మీరు తెలుగులో తప్ప ప్రార్థన చేయలేనని రాశారు, అది చిన్న విషయం కాదు. నాకు తోచేది, నెలకు ఒక ఆదివారం, సండే స్కూలుకు తోటి టీచరు ఉండే వారం చూసుకుని, అందరూ కలిసి అక్కడికి వెళ్లి చూడండి. మీ పాస్టరు గారికి చెప్పే వెళ్లండి. మీరు సంఘాన్ని విడిచిపెడుతున్నారని ఎవరి ద్వారానో ఆయన చెవిన పడకూడదు.

అన్నీ ఒకేసారి మానేసి కొన్ని నెలలు ఆరాధనకు మాత్రమే వెళ్లి వస్తాననే ఆలోచన కూడా మీ ఉత్తరం చివర్లో ఉంది. రక్తపరీక్షలో సమస్య గట్టిగా ఉందని తేలితే అదే సరైన పని, అప్పుడు సండే స్కూలు కూడా ఆపండి. అలా కాకపోతే, మీ నవ్వు వినిపించే గంటను కూడా ఆపుకోవడం వల్ల అలసట తగ్గకపోగా దిగులు పెరుగుతుందేమోనని నా సందేహం.

అమ్మాయి విషయంలో తొందరపడకండి. పదో తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో అయిపోతాయి. అప్పటివరకు ట్యూషను వేళ శనివారానికి మారుతుందేమో ఆ మాస్టారిని అడగండి. ఇంకా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. మారకపోతే నెలకు ఒక ఆదివారం, సంస్కారం రోజున, తప్పకుండా రావాలని ఒప్పందం చేసుకోండి. అయితే ఆ పిల్ల చెప్పిన అసలు కారణం ట్యూషను కాదేమో ఆలోచించండి. పాటల పుస్తకంలోని తెలుగు చదవడం రాక, అందరూ పాడుతుంటే పెదవులు కదిపి నిలబడటం సిగ్గుగా ఉంటుందని మీకు ఒకసారి చెప్పిందట కదా. పదిహేనేళ్ల పిల్లకు అది చాలా పెద్ద కారణం. చిన్నపిల్లల మధ్య సండే స్కూల్లో కూర్చుని అక్షరాలు నేర్చుకోమంటే రాదు. నానమ్మ దగ్గర, తలుపు వేసుకుని, నేర్చుకుంటుంది. ఆ వారం ఆరాధనలో పాడబోయే పాటలను ముందుగా తమిళ లిపిలో రాసి చేతికి ఇచ్చినా తప్పు లేదు. పాడటం మొదలయ్యాక అక్షరాలు వెనకాలే వస్తాయి.

ట్రెజరర్ పదవి వదలాలని నిర్ణయించుకుంటే, ఎన్నికలకు ముందే లెక్కల పుస్తకం పూర్తిచేసి, రసీదు పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్కు, చేతిలో ఉన్న నగదు ఎంతో రాసిన కాగితం, అన్నీ ఇద్దరు సంఘ పెద్దల ముందు కొత్తవారికి అప్పజెప్పి, అందుకున్నట్లు సంతకం తీసుకోండి. బ్యాంకు ఖాతాలో మీ సంతకం తీసేసి కొత్తవారి సంతకం చేర్చమని సమాజం చేత తీర్మానం రాయించి బ్యాంకులో ఇవ్వండి. ఆ కాగితాల నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.